చేప వేపుడుకు పోత ఇనుప పెనం: పది అంగుళాలది చాలు

రెండు మూడు చెంచాల నూనెతోనే చేప పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా వేగాలంటే బరువైన పోత ఇనుప (కాస్ట్ ఐరన్) పెనమే సరైనది. తిరుపతిలో గాంధీ రోడ్డు పాత్రల అంగళ్లలో అడిగితే చూపిస్తారు. పక్కనే రేకు ఇనుప పెనాలూ ఉంటాయి, ధర తక్కువ. కానీ అవి పలచన. చల్లటి ముక్క పడగానే వేడి దిగిపోతుంది, చేప నీరు వదిలి వేగడానికి బదులు ఉడుకుతుంది. చేత్తో ఎత్తి చూస్తే తేడా తెలిసిపోతుంది: పోత పెనం పది అంగుళాలదే రెండు కిలోల దాకా తూగుతుంది. పన్నెండు అంగుళాలది వద్దు. ఇంటి స్టవ్ మంట నడిమికే తగులుతుంది, అంచు ముక్కలు వేగవు.

కొత్త పెనం కడిగి, పొయ్యి మీదే ఆరబెట్టి, అర చెంచా నూనె రాసి, రాసిందంతా తుడిచేసినట్టు తుడిచి, పొగ వచ్చేదాకా కాల్చండి. ఇలా మూడు నాలుగు సార్లు. నూనె తుడవకపోతే పైన జిగురు కడుతుంది, ఆ జిగురుకే ముక్క అంటుకుంటుంది. తర్వాత కొన్నాళ్లు దోశలు పోసి, అప్పుడు చేపకు దిగండి.

తిరుపతికి సముద్రపు చేప చెన్నై, నెల్లూరు వైపు నుంచి ఐసులో వస్తుంది. అందుకే ముక్క నిండా తడి. పెనం మంచిది కాదని తిట్టుకునే చాలామంది ఇళ్లలో అసలు తప్పు ఈ తడిదే. అరకిలో వంజరం ముక్కలు, వేలెడు మందం కన్నా తక్కువే కొట్టించుకుని, కడిగాక పొడిగుడ్డతో రెండువైపులా గట్టిగా అద్దండి. ఉప్పు ఒక టీస్పూను, కారం ఒకటిన్నర, పసుపు పావు, మిరియాల పొడి అర, నిమ్మరసం రెండు, బియ్యప్పిండి రెండు టీస్పూన్లు. నీళ్లు చుక్క కూడా వద్దు. అల్లం వెల్లుల్లి ముద్ద ఒక టీస్పూను దాటితే చేప కన్నా ముందు అదే మాడుతుంది. ముక్కలకు ఇదంతా పట్టించి ఇరవై నిమిషాలు ఉంచితే చాలు; నిమ్మరసంలో గంటలకొద్దీ ఉంచితే కండ గట్టిపడుతుంది.

పెనం మధ్య మంట మీద నాలుగైదు నిమిషాలు కాలాలి. నీటి చుక్క చల్లితే గుండ్రంగా ఉరకాలి. అప్పుడు రెండు టీస్పూన్ల చెనక్కాయ నూనె, మూడే ముక్కలు. ఇక నాలుగు నిమిషాలు అట్లకాడ ముట్టొద్దు. ముక్క పక్కనుంచి చూస్తుంటే అడుగు నుంచి తెలుపు పైకి పాకుతుంది. అది సగం దాటి, అంచు గోధుమరంగుకు తిరిగాక అట్లకాడ దూర్చితే ముక్క తనంతట తనే వదులుతుంది. పట్టి ఉంటే ఇంకో నిమిషం ఆగండి, లాగితే పైపొర పెనానికే ఉండిపోతుంది. రెండోవైపు మూడు నిమిషాలు. అంతకు మించితే వంజరం పీచు పీచుగా ఎండిపోతుంది. జిలేబి చేప (తిలాపియా) అయితే ఒంటికి గాట్లు పెట్టి, మంట కొంచెం తగ్గించి, ఒక్కో పక్కకు ఆరేడు నిమిషాలు. చారన్నం, ఇంత ఆకుకూర పప్పు ఉంటే రాత్రి భోజనం అయిపోయినట్టే.

పులుసు మాత్రం ఇందులో పెట్టొద్దు. చింతపండు పులుపు పెనానికి పట్టిన నూనె పొరను తినేస్తుంది, పులుసు నల్లబడి ఇనుము రుచి వస్తుంది. సంగటిలోకి పులుసు చేసుకునే రోజు మట్టి చట్టే దించండి.

లోటుపాట్లూ ఉన్నాయి. పిడి కాలుతుంది, గుడ్డ లేకుండా పట్టుకోలేం. కాలిన పెనం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. తొట్టిలో నానబెడితే తెల్లారేసరికి తుప్పు. వేడి తగ్గాక గోరువెచ్చటి నీళ్లతో రుద్ది, మంట మీద ఆరబెట్టి, నూనె చుక్క రాయాలి. నీచు వాసన పోవాలంటే పిడికెడు రాళ్ల ఉప్పు వేసి వేడిచేసి రుద్దండి. అయినా పొద్దున దోశలో కాస్త తెలుస్తుంది, కాబట్టి ఇంట్లో చేప తిననివాళ్లుంటే దోశకు వేరే పెనం ఉంచుకోండి.