విగ్గిన్సా, లవ్వా? క్లీవ్‌లాండ్ తేల్చుకున్న లెక్క

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ NBAలో జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే వేడుకే డ్రాఫ్ట్. 2014 డ్రాఫ్ట్‌లో క్లీవ్‌లాండ్ జట్టుకు మొదటి పిక్, అంటే అందరికంటే ముందు ఎంచుకునే వంతు, దక్కింది. ఆ వంతు తేల్చే లాటరీలో వాళ్ల అవకాశం 1.7 శాతమే, అదృష్టమంటే అదీ! ఆ పిక్‌తో 19 ఏళ్ల ఆండ్రూ విగ్గిన్స్‌ని తీసుకున్నారు. జూలైలో లీగ్ సూపర్‌స్టార్ లెబ్రాన్ జేమ్స్ సొంతగూటికి తిరిగొచ్చాడు. అక్కడ మొదలైంది టెన్షన్: కుర్రాణ్ని ఉంచుకోవాలా, మిన్నెసోటా స్టార్ కెవిన్ లవ్ కోసం ఇచ్చేయాలా?

విగ్గిన్స్ వైపు చూస్తే ఎగిరే కాళ్లు, తక్కువ జీతం, బోలెడు భవిష్యత్తు. కానీ అన్నీ 'రేపు' సంగతులే. లవ్‌కి 25 ఏళ్లు. అంతకుముందు సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 26.1 పాయింట్లు, 12.5 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం). లోటల్లా డిఫెన్స్. పైగా అతనున్న ఆరేళ్లలో మిన్నెసోటా ఒక్కసారీ ప్లేఆఫ్స్ (టైటిల్ కోసం సాగే చివరి దశ) ముఖం చూడలేదు.

అప్పటికే 29 ఏళ్లున్న లెబ్రాన్ పక్కన కుర్రాడు ఎదిగేదాకా కూర్చోవడం కుదిరే పని కాదు. అందుకే ఆగస్టులో లవ్‌నే తెచ్చుకున్నారు. నా ఓటూ దానికే. విగ్గిన్స్ ఆ ఏడాది ఉత్తమ రూకీ (తొలి సీజన్ ఆటగాడు) అయ్యాడు, అయినా సరే.

2016 ఫైనల్స్ ఏడో మ్యాచ్, చివరి నిమిషం. డిఫెన్స్ రాదన్న ఆ లవ్వే ప్రత్యర్థి గోల్డెన్ స్టేట్ స్టార్ స్టెఫెన్ కర్రీ ఎదుట చేతులు చాచి, అటూ ఇటూ కదులుతూ వదల్లేదు. కర్రీ షాట్ తప్పింది. టైటిల్ క్లీవ్‌లాండ్‌ది.

విగ్గిన్స్‌కీ 2022లో టైటిల్ దక్కింది, అదే కర్రీ పక్కన ఆడుతూ.