మిల్లులో హోరు తగ్గాలంటే ముందు ఏ మిషన్ పట్టుకోవాలి?

వంశధార కింద కోతలయ్యాక నరసన్నపేట వైపు ఏ రైస్ మిల్లుకెళ్లినా ఒకటే హోరు, కళాసీలు చెవుల మీదకి తువ్వాలు చుట్టుకుని బస్తాలు మోస్తుంటారు, కాటా దగ్గరాయన లెక్కంతా వేళ్లతోనే చూపిస్తాడు. సౌండ్ తగ్గించడానికి కాస్త డబ్బులు పెడదామనుకున్న ఓనర్‌కి వచ్చే డౌటు ఏటంటే, చిన్న మిషన్లు రెండు బాగుచేయించడం మేలా, పెద్దదాని ఒక్కదాని మీదే పడటం మేలా?

ముందు కూడిక సంగతి. 90 డెసిబెల్స్ (సౌండ్ కొలిచే లెక్క) మిషన్ పక్కన ఇంకో 90 నడిస్తే 180 అవదు, 93 అవుతాది. డెసిబెల్ లాగ్ (లాగరిథమ్) లెక్క కాబట్టి కలిసేవి ఆ అంకెలు కావు, శబ్దం శక్తి కలుస్తాది, శక్తి రెట్టింపైతే పెరిగేది 3 మాత్రమే. నోటిలెక్క కావాలంటే రెండిటి తేడా చూడండి: తేడా 0, 1 అయితే పెద్దదానికి 3 కలపాలి, 2, 3 అయితే 2, 4 నుంచి 9 దాకా 1, పది దాటితే ఏమీ కలపక్కర్లేదు.

ఇప్పుడు మనం నిలబడ్డ చోట పొట్టు తీసే హల్లర్ 94, బియ్యం తెల్లగా చేసే పాలిషర్ 90, పొట్టు ఊదే బ్లోయర్ 86 అనుకుందాం. 94కి 90 కలిస్తే 95, దానికి 86 కలిస్తే 96.

బ్లోయర్ పూర్తిగా ఆపేసినా, నోటిలెక్క కాకుండా కచ్చితంగా చూస్తే, 95.5 దగ్గరే ఉంటాది, అంటే దానికి సైలెన్సర్ బిగించడానికి పెట్టిన డబ్బుకి చెవికి తెలిసే తేడాయే రాదు. పాలిషర్ కూడా ఆపేస్తే 94, అంటే రెండు మిషన్లు చచ్చిపోయినా తగ్గింది రెండే! అదే హల్లర్ ఒక్కదానికి గాలి ఆడేలా దారి వదిలి, లోపల గ్లాస్ వూల్ వేసిన పెట్టె కట్టించి, కింద రబ్బరు ప్యాడ్లు వేసి దాన్ని 86కి దింపితే మొత్తం 92.5కి వచ్చేస్తాది, ఏ మిషనూ ఆపక్కర్లేదు. కాబట్టి నా ఓటు పెద్దదానికే. ఆ తర్వాత పెద్దది పాలిషర్ కాబట్టి రెండో విడత డబ్బు దానికి పెట్టండి, దాన్ని 84 చేస్తే మొత్తం 90కి దిగుతాది.

ఏది పెద్దదో చెవితో తేల్చొద్దు, మిగతావన్నీ ఆపి ఒక్కో మిషన్ విడిగా నడిపి, మనిషి నిలబడే చోటే మీటర్ పెట్టి కొలవాలి.

ఈ మూడు నాలుగు డెసిబెల్స్‌కి ఇంత హడావుడెందుకంటే, అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ (NIOSH) సూచించిన హద్దు 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు, ఆపైన ప్రతి 3కీ టైమ్ సగమైపోతాది. ఆ లెక్కన 96 దగ్గర ముప్పావుగంట కూడా నిలబడకూడదు, 92.5 దగ్గర గంటన్నర లోపే. అంచేత పెట్టె కట్టించినా సరే, కళాసీలకి ఇయర్ ప్లగ్స్ మాత్రం ఓనరే కొనివ్వాలి.