ఎక్స్‌టర్: పెట్రోలా, సీఎన్‌జీయా?

తిరుపతిలో హ్యుందాయ్ ఎక్స్‌టర్ కారు చూసొచ్చినవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

ధర: సీఎన్‌జీకి దాదాపు లక్ష ఎక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రెండిటికీ 18 శాతమే. ఆరు ఎయిర్‌బ్యాగులూ రెండిట్లో ఉన్నాయి.

మైలేజీ: కంపెనీ లెక్కలో పెట్రోలు లీటరుకు 19.4 కి.మీ., గ్యాసు కిలోకు 27.1. రోడ్డెక్కాక రెండూ తగ్గుతాయనుకోండి.

ఘాటు రోడ్డు: అసలు తేడా ఇదే. ఇంజను శక్తి పెట్రోలు మీద 83 పీఎస్, గ్యాసు మీద 69. ఐదుగురెక్కి, ఏసీ వేసి గ్యాసు మీద తిరుమల ఎక్కితే మలుపు మలుపుకీ గేరు దించాల్సి వస్తుంది. సీఎన్‌జీ బండి పెట్రోలు మీదా నడుస్తుంది కాబట్టి, అలిపిరి దాటాక మీట నొక్కి పెట్రోలుకు మారొచ్చు. అయితే తరచూ కొండకే వెళ్లేవాళ్లకు ఆ లక్ష ఎందుకు పెట్టామా అనిపిస్తుంది.

డిక్కీ: పెట్రోలు బండికి 391 లీటర్లు. సీఎన్‌జీలో సిలిండరే చాలా చోటు మింగేస్తుంది. రెండు చిన్న సిలిండర్ల రకమైతే కాస్త నయం.

శ్రమ: సీఎన్‌జీకి బంకులో క్యూ, మూడేళ్లకోసారి సిలిండరు పరీక్ష.

రోజూ శ్రీకాళహస్తి దాకా వెళ్లొచ్చే ఉద్యోగికి సీఎన్‌జీ. నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లే, అదీ భాకరాపేట ఘాటు మీదుగా పీలేరుకైతే, పెట్రోలే తీసుకోండి.