డాబా మీది డిష్‌కి ఏ కనెక్టర్ మేలు?

వాన పడ్డ మర్నాడు నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకటే మాట: "సగం ఛానెళ్లు పోయాయండీ, డిష్ తిరిగిపోయిందేమో చూడరూ?" డాబా ఎక్కి చూస్తే చాలాసార్లు డిష్ ఉన్నచోటే ఉంటుంది. పాడయ్యింది కేబుల్ చివరి ఎఫ్ కనెక్టర్, అంటే కేబుల్‌ని డిష్‌కి తగిలించే లోహపు తొడుగు. కొత్తది వేస్తుంటే మళ్లీ అదే ప్రశ్న: తిప్పి బిగించేదా, టూల్‌తో నొక్కేసే క్రింపా, స్లీవ్‌ని లోపలికి తోసి బిగించే కంప్రెషనా?

మన విశాఖలో నేను ముందు చూసేది అది నీటిని ఆపుతుందా లేదా అన్నదే. పోయిన నెల పెదవాల్తేరులో ఒక కనెక్టర్ విప్పితే మెష్ (కేబుల్ లోపల సన్నటి పోగులతో అల్లిన వల) ఉండాల్సిన చోట తెల్లటి పొడి రాలింది. డిష్‌కి వాడే ఆర్‌జి-6 కేబుల్లో మెష్ ఎక్కువగా అల్యూమినియందే. ఉప్పుగాలి, తేమ కలిసి దాన్ని తినేస్తాయి. పైగా ఎల్ఎన్‌బికి (డిష్ ముందు సిగ్నల్ అందుకునే పరికరానికి) 13, 18 వోల్టుల కరెంటు వెళ్లేది ఈ తీగలోంచే. తడిలో కరెంటు కూడా ఉంటే చిలుము ఇంకా తొందరగా పడుతుంది. అలా కాంటాక్ట్ చెడి 18 దారిలోనే తగ్గిపోతే ఎల్ఎన్‌బి దాన్ని 13 అనుకుంటుంది, 18 మీద రావాల్సిన ఛానెళ్లు ఆగిపోతాయి. సగం ఛానెళ్లు పోయేది అందుకే.

క్రింప్ చవక, పట్టు కూడా గట్టిదే. కానీ ఆరు పలకలుగా నొక్కుతుంది, కేబులేమో గుండ్రం. ఆ మూలల్లో మిగిలిన సందు చాలు నీటికి. టీవీ వెనకాల అయితే నిక్షేపంగా వాడుకోవచ్చు. కంప్రెషన్‌లో స్లీవ్ చుట్టూ సమానంగా బిగుస్తుంది, సందు మిగలదు. డాబా మీదకి నేను ఇదే వేస్తాను. టూల్ ఖరీదైనా సరే.

తిప్పి బిగించేది తాత్కాలికానికే.

ఏది వేసినా కేబుల్ కొయ్యడంలోనే ఉంది పని. మెష్ వెనక్కి మడిచాక ఒక్క పోగు కూడా కోర్‌కి (నడిమి తీగకి) తగలకూడదు. తెల్ల ఫోమ్ కనెక్టర్ లోపలి అడుగుతో సమంగా రావాలి, కోర్ కనెక్టర్ అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు కనపడాలి. కోర్ చాలావరకు ఉక్కే, పైన రాగి పూత. బ్లేడు ఆ పూతని గీరితే అక్కడే తుప్పు మొదలవుతుంది.

కంప్రెషన్ ఒకసారి నొక్కితే మళ్లీ వాడలేం, కోసి కొత్తది వెయ్యాల్సిందే. అందుకే డిష్ దగ్గర జానెడు కేబుల్ ఎక్కువ ఉంచి కిందికి వంపుగా వదలండి. వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.