విశాఖ నుంచి క్లే షూటింగ్: ఊళ్లో హాలా, హైదరాబాదా, ఢిల్లీయా? ఏది మేలు?

ఆర్కే బీచ్‌లో బెలూన్ల బోర్డు ముందు ఎయిర్‌గన్ పట్టుకుని సరదాపడే వాళ్లలో కొందరికి ఆ సరదా అక్కడితో ఆగదు. నాకూ ఆగలేదు. ఒకరోజు టీవీలో ట్రాప్ షూటింగ్ చూశాను. నారింజ రంగు బిళ్ల ఒకటి నేలలోంచి లేచినట్టు ఎగిరింది, రెప్పపాటులో గాలిలోనే పొడైపోయింది. అప్పటి నుంచి విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ ఇది నేర్చుకోవడం ఎలా అని ఒకటే ఆలోచన. తిరగగా తిరగగా మూడు దారులు తేలాయి: ఊళ్లో ఎయిర్‌గన్ నేర్పే పది మీటర్ల హాలు, నెలకోసారి హైదరాబాద్, ఏడాదికోసారి ఢిల్లీ. నాలుగోది కూడా చాలామంది చెబుతారు. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఈ ఆటకు ఎలాంటి చోటు కావాలో చూద్దాం. అది అర్థమైతే విశాఖలో ఎందుకింత కష్టమో కూడా అర్థమవుతుంది. టీవీలో చూసిన ఆ బిళ్ల పేరు క్లే పిజన్, అంటే మట్టి పావురం. ఒకప్పుడు నిజం పావురాలనే ఎగరేసి కాల్చేవారు. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా ఆ పోటీ జరిగింది. ఆ పక్షుల స్థానంలో వచ్చిందే ఈ బిళ్ల. పేరులో క్లే ఉన్నా ఇప్పటి బిళ్లలో మట్టి ఉండదు. సున్నపురాయి పొడిని తారులాంటి పిచ్‌తో కలిపి అచ్చు పోస్తారు. అడ్డంగా 11 సెంటీమీటర్లు, బరువు 105 గ్రాములు. చేతిలోకి తీసుకుంటే చిన్న సాసర్ బోర్లించినట్టుంటుంది. కాస్త గట్టిగా నొక్కితే అప్పడంలా పటుక్కుమంటుంది.

ఈ బిళ్లల్ని కాల్చే ఆటలో ముఖ్యంగా రెండు రకాలు: ట్రాప్, స్కీట్. ట్రాప్‌లో నేలలో తవ్విన కందకంలో బిళ్లలు విసిరే 15 యంత్రాలు ఉంటాయి. వాటికి 15 మీటర్ల వెనక వరసగా అయిదు స్థానాల్లో షూటర్లు నిలబడతారు. గొంతుతో పిలిస్తే మైకు అందుకుంటుంది, బిళ్ల ఎగురుతుంది. ఎడమకా, కుడికా, నేరుగానా అన్నది ముందే తెలియదు. కాల్చకపోతే 76 మీటర్ల దూరంలో పడుతుంది. స్కీట్‌లో అలా కాదు. రెండు చివర్లా రెండు చిన్న గదులు, ఒకటి ఎత్తులోంచి, ఒకటి కిందనుంచి బిళ్ల విసురుతుంది. దారులు ఎప్పుడూ అవే. షూటరే ఎనిమిది స్థానాలు మారుతూ కాలుస్తాడు.

డబ్బు లెక్క చూసుకునే వాళ్లకు ఇక్కడే ఒక ముఖ్యమైన తేడా ఉంది. రెండింట్లోనూ ఒక రౌండ్ అంటే 25 బిళ్లలు. కానీ ట్రాప్‌లో ఒక్కో బిళ్లకు రెండుసార్లు కాల్చవచ్చు, స్కీట్‌లో ఒక్కసారే. అంటే ట్రాప్ రౌండ్‌కు 50 కార్ట్రిడ్జ్‌ల (తూటాల) దాకా ఖర్చు కావచ్చు, స్కీట్‌కు 25తో సరి. కొత్తగా నేర్చుకునే వాళ్లకు స్కీట్ ఉన్న మైదానమే మేలని నేనంటాను. బిళ్ల ఏ దారిన పోతుందో తెలుసు కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో దొరుకుతుంది.

ఇక ఊళ్లో హాలు. ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ నేర్పే పది మీటర్ల హాలుకు ఆఫీసు అయ్యాక వెళ్లి గంట సాధన చేసి ఇంటికి రావచ్చు. 20 జౌళ్ల లోపు శక్తి, .177 అంగుళాల గొట్టం ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. పిల్లలకు ఇదే సరైన మొదలు. తుపాకీ మూతి ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి, ట్రిగ్గర్ మీద వేలు చివర్లోనే పెట్టాలి అనే అలవాటు ఇక్కడే ఎముకల్లోకి ఇంకుతుంది. నేను ఏడు నెలలు వెళ్లాను, ఒక్కరోజు కూడా దండగ అనుకోలేదు.

కానీ క్లే షూటింగ్ కోసమే అయితే ఈ హాలు మిమ్మల్ని సగం దూరం కూడా తీసుకెళ్లదు. రైఫిల్‌లో శరీరం రాయిలా నిలవాలి, ఊపిరి బిగబట్టాలి, గురి చూడాలి. క్లేకు వాడేది షాట్‌గన్, ఒక్క దెబ్బకు బోలెడు చిన్న గుళ్లు వెదజల్లే తుపాకీ. దాంతో గురి చూశారా, బిళ్ల పోయినట్టే. రెండు కళ్లూ తెరిచి బిళ్లనే చూస్తూ, నడుం నుంచి తిరుగుతూ, దానికంటే కాస్త ముందుకు ఊపి, ఊపు ఆపకుండా కాల్చాలి. హాలు నుంచి నేరుగా షాట్‌గన్‌కు వచ్చినవాళ్లకు ఊపు ఆపేసే జబ్బు ఉంటుంది. గుళ్లన్నీ బిళ్ల వెనక పోతాయి. నాకు అది వదలడానికి మూడు ప్రయాణాలు పట్టింది.

హైదరాబాద్ సంగతి వేరు. గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన షూటింగ్ రేంజ్ ఉంది. రైఫిల్, పిస్టల్‌తో పాటు ట్రాప్, స్కీట్ మైదానాలు కూడా అక్కడ ఉన్నాయి. కాబట్టి మన తెలుగు నేల మీదే ఈ ఆట నేర్చుకునే వీలుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చిన కైనాన్ చెనాయ్ హైదరాబాదీయే. ఈ మాట మన దగ్గర షూటింగ్ అంటే ఇష్టపడేవాళ్లకు కూడా చాలామందికి తెలియదని నాకు బాధ.

నా పద్ధతి ఇది: శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్కుతాను, తెల్లారేసరికి హైదరాబాద్. శనివారం రెండు రౌండ్లు, ఆదివారం ఉదయం రెండు రౌండ్లు, రాత్రికి తిరుగు రైలు. తుపాకీ మోసుకెళ్లను. కోచ్ పక్కన నిలబడగా క్లబ్బు తుపాకీతోనే కాలుస్తాను. సొంత తుపాకీ కొనాలంటే లైసెన్స్ కావాలి, 21 ఏళ్లు నిండాలి, విశాఖ నగరంలో ఉండేవాళ్లు పోలీస్ కమిషనరేట్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. పైగా మన సముద్రపు గాలికి బ్యారెల్ నెలలోపే తుప్పు చుక్కలు పడుతుంది, రోజూ నూనె గుడ్డతో తుడవాలి. మొదటి ఏడాది ఆ టెన్షన్ ఎందుకు? బయలుదేరే ముందు మూడు ప్రశ్నలు ఫోన్‌లోనే తేల్చుకోండి: కొత్తవాళ్లకు తుపాకీ ఇస్తారా, కార్ట్రిడ్జ్‌లు అక్కడే దొరుకుతాయా, ఆ రెండు రోజులూ కోచ్ ఉంటారా. మూడోదానికి సరైన జవాబు రాకపోతే టికెట్ రద్దు చేసుకోవడమే మంచిది.

ఎందుకంటే ఈ ఆటలో మైదానం కంటే పక్కన నిలబడ్డ మనిషి ఎక్కువ. నేను తొలి రోజు వరసగా పదకొండు బిళ్లలు వదిలేశాను. పన్నెండోదానికి ముందు కోచ్ నా భుజం మీద చేయి వేసి, "బాబూ, తుపాకీ వెనక బట్టు భుజానికి వస్తోంది కానీ దవడకు రావడం లేదు. ముందు దవడ, తర్వాత భుజం," అన్నారు. అంతే. పన్నెండోది ఏమైందో కంటితో చూశాను: నల్లటి పొగలా ఒక ముద్ద, అందులోంచి నారింజ తునకలు మెల్లగా రాలాయి. అది నేను ఎన్ని వీడియోలు చూసినా తెలిసేది కాదు. తుపాకీ నా ముఖం మీదికి ఎలా వస్తోందో నాకు కనిపించదు కదా.

ఢిల్లీ మీద కూడా మనసు లాగుతుంది. తుగ్లకాబాద్‌లోని డాక్టర్ కర్ణి సింగ్ రేంజ్ 1982 ఆసియా క్రీడల కోసం కట్టింది, 2010 కామన్వెల్త్ క్రీడలకు కొత్తగా తీర్చిదిద్దారు. ప్రపంచ కప్‌లు జరిగిన చోటు. ఎవరి పేరు దానికి పెట్టారో ఆ కర్ణి సింగ్ అయిదు ఒలింపిక్స్‌లో ఆడిన బికనీర్ మహారాజా. దేశంలో ముందు వరసలో ఉన్నవాళ్లు ఎలా నిలబడతారో, బిళ్ల తప్పిపోయాక ముఖం ఎలా పెట్టుకుంటారో దగ్గర నుంచి చూడటానికి అంతకంటే మంచి చోటు లేదు. కానీ విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఒకటిన్నర రోజు ప్రయాణం. డిసెంబర్, జనవరి ఉదయాల్లో పొగమంచుకు బిళ్లే కనిపించని రోజులుంటాయి. రౌండ్‌కు 25లో 15 స్థిరంగా కొట్టని వాళ్లు అక్కడికి పోయి నేర్చుకునేది తక్కువ. ఆ దశ దాటాక రెండు వారాల సెలవు పెట్టి ఫిబ్రవరిలోనో మార్చిలోనో వెళ్తే డబ్బుకు ఫలితం ఉంటుంది.

ఇప్పుడు ఆ నాలుగో దారి. "భీమిలి దాటాక మా జీడితోట ఉంది, చేత్తో విసిరే పరికరం కొందాం, మనమే కాల్చుకుందాం" అని చెప్పే స్నేహితులు అందరికీ ఉంటారు. దయచేసి వద్దు. షాట్‌గన్ గుళ్లు రెండు వందల మీటర్లు దాటి కూడా పడతాయి. ఆ వైపు మూడు వందల మీటర్ల దాకా మనిషి, పశువు, దారి లేని ఖాళీ నేల కావాలి. ఆనందపురం దాటాక కూడా లేఅవుట్లే అయిన మన ఊళ్లో అంత నేల ఎక్కడుంది? కొండల మధ్య దొరికినా మేకలు కాసుకునే పిల్లలు ఎటు నుంచి వస్తారో తెలియదు. ఒక్కో కార్ట్రిడ్జ్‌లో 24 గ్రాముల గుళ్లు ఉంటాయి, అవి సాధారణంగా సీసమే. ట్రాప్ రౌండ్‌కు 50 కాలిస్తే ఒక్క మనిషి వల్లే కిలో 200 గ్రాముల సీసం నేల మీద పడుతుంది. పక్కన ఊరి చెరువు ఉంటే ఆ సీసం ఎవరి నీళ్లలోకి పోతుంది? ఇక లైసెన్స్ ఉన్నంత మాత్రాన నచ్చిన చోట కాల్చే హక్కు రాదు, ఆ తోట యజమాని కూడా కేసులో ఇరుక్కోవచ్చు.

మంచి మైదానాన్ని ఎలా గుర్తుపట్టాలి అని అడిగేవాళ్లకు నేను చెప్పేవి రెండే. ఒకటి దిక్కు. మన దేశంలో మైదానం ఉత్తరానికో ఈశాన్యానికో తిరిగి ఉండాలి, అప్పుడు సూర్యుడు కళ్లల్లో కొట్టడు. బిళ్ల వెనక చెట్లు కాక ఆకాశం ఉంటే ఇంకా మంచిది. రెండోది, దీన్ని మించింది, అక్కడి మనుషుల అలవాటు. వరసలోంచి వెనక్కి నడిచేటప్పుడు ప్రతి తుపాకీ మధ్యలో మడిచి తెరిచి ఉండి, గొట్టాలు ఖాళీగా కనిపించాలి. ఒక చోట మూసిన తుపాకీ భుజాన వేసుకుని ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ తిరగడం చూశాను, ఎవరూ ఏమీ అనలేదు. డబ్బు కట్టేసి కూడా నేను కాల్చకుండానే వచ్చేశాను. ఆ ఊరికి మళ్లీ వెళ్లలేదు.

కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టే విశాఖవాళ్లకు నా సలహా: మూడు నాలుగు నెలలు ఊళ్లో హాలు, ఆ తర్వాత నెలకోసారి హైదరాబాద్, ముందు స్కీట్, తర్వాత ట్రాప్. ఢిల్లీ రెండో ఏడాది. మధ్యలో మిగిలిన ఇరవై ఎనిమిది రోజులూ ఇంట్లో చేసే పని ఒకటుంది. గోడకూ పైకప్పుకూ మధ్య గీత వెంట, తుపాకీ బరువున్న కర్రను దవడకు ఎత్తుకుంటూ మెల్లగా ఎడమ నుంచి కుడికి తిప్పాలి. నేను రాత్రి భోజనం కాక ముందు యాభై సార్లు చేస్తాను. మా అమ్మాయి పక్కన నిలబడి, "నాన్నా, ఈసారి దవడకు రాలేదు," అని లెక్కలోంచి తీసేస్తుంది.