సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనేవాళ్లకు హెచ్చరిక: మెనూలో ఇంకొకరి పేరు కనిపిస్తే అక్కడే ఆగండి

సెకండ్‌హ్యాండ్‌లో కెమెరాలు, లెన్సులు కొనేవాళ్లు, ముఖ్యంగా పెళ్లిళ్ల సీజన్ లోపు తక్కువలో ఒక బాడీ (లెన్సు లేని కెమెరా) దొరికితే చాలని వెతుకుతున్న కొత్త ఫొటోగ్రాఫర్లు ఇది చివరిదాకా చదవండి. మా తమ్ముడి కోసం ఆన్‌లైన్‌లో యాడ్ చూసి కొన్న కెమెరా దొంగసొత్తని తేలింది. కెమెరా ఇప్పుడు పోలీస్ స్టేషన్‌లో ఉంది. డబ్బు ఇంకా రాలేదు.

కొన్నది కానన్ 80డి, 18-135 లెన్సుతో. కోఠి గుజరాతీ గల్లీలో అదే సెట్టు పాతది అడిగితే 35 వేలకు పైనే చెప్పారు. యాడ్‌లో 26 వేలు పెట్టాడు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద కలిశాం. పాతికేళ్ల కుర్రాడు, "అన్నా, అన్నా" అంటూ మర్యాదగా మాట్లాడాడు. అమ్మకు ఆపరేషన్ ఉంది, డబ్బు అర్జెంటు అన్నాడు. బిల్లూ బాక్సూ ఊళ్లో ఉండిపోయాయి, వచ్చే వారం తెచ్చిస్తానన్నాడు. కెమెరాలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఫోకస్ చక్కగా పడుతోంది, సెన్సర్ శుభ్రంగా ఉంది. షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో ఆ లెక్క, ఎంత అయ్యుంటుందని తమ్ముడు అడిగితే మాత్రం "అంటే ఏంటన్నా?" అన్నాడు. మూడేళ్లుగా నేనే వాడుతున్నానని అంతకు ముందే చెప్పిన మనిషి! మీకు ఇలాంటి జవాబు వస్తే బేరం అక్కడితో ఆపేయండి. తెల్లకాగితం మీద అమ్మినట్టు రాయించి, సంతకం పెట్టించి, ఆధార్ కార్డు ఫొటో తీసుకుని, యూపీఐలో డబ్బు వేశాం. డబ్బు వెళ్లిన ఖాతా పేరు వేరే ఉంది. అది తన బావ నంబరన్నాడు.

ఆ రాత్రి తమ్ముడు కెమెరా మీది మోడ్ డయల్‌ని సి1 మీదికి తిప్పాడు. సి1, సి2 అంటే వాడేవాళ్లు తమ సొంత సెట్టింగులు దాచుకునే చోట్లు. షట్టర్ 125, ఐఎస్‌ఓ 3200, వైట్ బ్యాలెన్స్ కెల్విన్‌లో ఎవరో చేత్తో సెట్ చేసి ఉంచారు. ఫంక్షన్ హాల్ పసుపు లైట్లలో మండపం ఎర్రబడకుండా ఫొటోలు తీసుకునేవాళ్ల లెక్క అది. సి2లో స్టేజి మీద గ్రూప్ ఫొటోలకు ఫ్లాష్ సెట్టింగులు. సరదాకి ఇంట్లో ఫొటోలు తీసుకునే కుర్రాడికి వీటితో పని లేదు. మెనూలో కాపీరైట్ సమాచారం అనే చోట చూస్తే ఒక స్టూడియో పేరు, కింద ఊరి పేరు ఉన్నాయి. కేసు నడుస్తోంది కాబట్టి ఆ పేర్లు ఇక్కడ రాయను.

అనుమానం సంగతి ఎత్తకుండా, బిల్లు ఎప్పుడిస్తావని మాత్రం ఆ కుర్రాడికి ఫోన్ చేశాం. "నచ్చకపోతే తిరిగిచ్చెయ్ అన్నా, నీ డబ్బు నీకిస్తా" అన్నాడు. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఈ మాటే. ఇలాంటి పరిస్థితిలో చాలామంది ఇక్కడ ఊరట పడిపోతారు. డబ్బు వచ్చేస్తోంది కదా, మనకెందుకొచ్చిన గొడవ అనుకుంటారు. దయచేసి అలా ఇచ్చేయకండి. తిరిగిచ్చిన వస్తువు మర్నాటికి ఇంకో పేరుతో ఇంకొకరి చేతికి వెళ్తుంది, పోగొట్టుకున్నవాళ్లకు ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. మీరు అమ్మేసినా అంతే. పైగా అప్పుడు ఇరుక్కునేది మీరే. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం దొంగసొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ దురుద్దేశంతో తీసుకున్నా, దగ్గర పెట్టుకున్నా మూడేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 2024 జులై 1కి ముందు ఐపీసీలో 411గా ఉన్నదే ఇది. తెలియక కొన్నవాళ్లను ఈ సెక్షన్ ఏమీ అనదు. కానీ మెనూలో ఆ పేరు చూశాక మనం తెలియనివాళ్లం కాదు.

డబ్బులిచ్చి కొన్నాం కాబట్టి మనదే అనే వాదన కూడా నిలవదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ చెప్పేది స్పష్టం: అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. మన 26 వేలకు మనం అడగాల్సింది అమ్మినవాణ్ణి, కెమెరా పోగొట్టుకున్నాయన్ని కాదు.

స్టూడియో ఆయన నంబరు వెతికి ఫోన్ చేశాం. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్తాను, గుర్తుంచుకోండి. సీరియల్ నంబరు మీరు చెప్పకండి, వాళ్లతో చెప్పించండి. 80డికి ఆ నంబరు బాడీ అడుగున ఉంటుంది. ఆయన పాత ఫొటో ఒకటి తెరిచి, దాని ఎగ్జిఫ్ వివరాల్లోంచి (ఫొటో ఫైల్లో కెమెరా దానంతటదే రాసి ఉంచే సమాచారం) నంబరు చదువుతుంటే తమ్ముడు కెమెరా బోర్లించి పట్టుకుని ఒక్కో అంకె సరిచూశాడు. అన్నీ కలిశాయి. ఓ పెళ్లిలో భోజనాల వేళ బ్యాగు ఎత్తుకుపోయారట. మెమరీ కార్డు అప్పుడు కెమెరాలోనే ఉందట, అందులో జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఫొటోలు. ఆయన కెమెరా దొరికిందని సంతోషించే ముందు అడిగింది "కార్డు ఉందా తమ్ముడూ?" అని. లేదు. మాకు వచ్చినప్పుడు అందులో కార్డే లేదు. ఆ పెళ్లివాళ్లకు ఆయన ఇప్పటికీ ముఖం చూపించలేకపోతున్నారు.

కెమెరా ఆయన చేతికి నేరుగా ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. ఆ దొంగతనం మీద ఎఫ్‌ఐఆర్ ఉన్న స్టేషన్‌కి వెళ్లి, జరిగినదంతా రాసి ఫిర్యాదుగా ఇచ్చాం. యాడ్ స్క్రీన్‌షాట్లు, చాట్, యూపీఐ లావాదేవీ నంబరు, అతను రాసిచ్చిన కాగితం జత చేశాం. యాడ్ తీసేసే లోపే స్క్రీన్‌షాట్ తీసుకోవాలి, తర్వాత ఏమీ మిగలదు. పంచనామా రాసి కెమెరా స్వాధీనం చేసుకున్నారు. మీరు కూడా వస్తువు అప్పగించినట్టు స్టేషన్ ముద్రతో కాగితం తీసుకోకుండా బయటికి రాకండి. అసలు యజమాని కోర్టులో పిటిషన్ వేసుకుంటే కేసు తేలేలోపే వస్తువు ఆయన వాడుకోవడానికి ఇప్పించే వీలుంది. ఆయన ఆ పనిలోనే ఉన్నారు.

ఫోన్లకైతే కొనే ముందే చూసుకునే దారి ఉంది. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరును (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబరు) కేవైఎం (KYM) అనే అక్షరాల తర్వాత ఖాళీ వదిలి టైప్ చేసి 14422కి మెసేజ్ పంపితే ఆ ఫోన్ బ్లాక్‌లిస్టులో ఉందో లేదో చెప్తుంది. టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లోనూ చూడొచ్చు. కెమెరాలకు అలాంటి ప్రభుత్వ రిజిస్టర్ లేదు, కాబట్టి మనమే చూసుకోవాలి. ఆ కెమెరాతో ఎప్పుడో తీసిన ఒరిజినల్ ఫొటో ఒకటి అడగండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి. అందులోని సీరియల్ నంబరు, బాడీ అడుగున ఉన్నది, బిల్లు మీద ఉన్నది మూడూ ఒకటే కావాలి. నిజంగా వాడినవాళ్ల దగ్గర పాత ఫొటో లేకుండా ఎలా ఉంటుంది?

ఆ కుర్రాడి నంబరు ఇప్పుడు స్విచాఫ్. కానీ మొన్న ఇంకో పేరుతో ఒక 50 ఎంఎం లెన్సు, ఒక డ్రోన్ అమ్మకానికి కనిపించాయి. వాటి కింద పరిచింది మా కెమెరా ఫొటోలో ఉన్న నీలం పూల దుప్పటే, అంచున అదే ఇస్త్రీ కాలిన మచ్చ. ఆ లింకు కూడా దర్యాప్తు చేస్తున్న ఎస్సైకి పంపాం. మీకు అలాంటి యాడ్ కనబడితే అతన్ని పలకరించకండి, నిలదీయకండి. స్క్రీన్‌షాట్ తీసి మీ దగ్గరి స్టేషన్‌లో ఇవ్వండి.