అడుగంటని బాణలి: 8 నెలల వాడకం తర్వాత

తిరుపతిలో ఉద్యోగం ముగించుకొని సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరే నాకు, ఎనిమిదిన్నర లోపల ఆరుగురికి రాత్రి భోజనం సిద్ధం చేయవలసి ఉంటుంది. ఆ రెండు గంటల్లో సగం కాలం గిన్నె అడుగంటకుండా పొయ్యి దగ్గర కాపలా కాయడానికే పోయేది. మా ఇంట్లో అంతవరకు ఉన్నది పలుచని స్టీలు డబరా, ఒక పాత సత్తు గిన్నె, అత్తగారి కాలం నాటి ఇనుప బాణలి. డబరాలో సంగటి చేస్తే అడుగున నల్లని పెచ్చు కట్టేది, సత్తు గిన్నెలో చింతపండు పులుసు పెట్టడానికి మనసొప్పేది కాదు, ఇనుప బాణలిలో పులుపు పడితే కూర రంగు మారి ఇనుప రుచి వచ్చేది. ఈ మూడింటి బదులు ఒక్క మంచి పాత్ర ఉంటే బాగుండునని చాలాకాలంగా అనుకొని, చివరకు నిరుడు పెరటాసి (సెప్టెంబరు-అక్టోబరు) నెలలో గాంధీ రోడ్డు వైపు ఒక పాత్రల అంగడిలో మూడు పొరల స్టీలు బాణలిని 3,400 రూపాయలకు మూతతో సహా తీసుకున్నాను. అప్పటినుంచి వారంలో కనీసం ఐదు రోజులు అది పొయ్యి మీదే ఉంటోంది గనుక, దాని గుణదోషాలను వివరంగా చెప్పగలనని నమ్ముతున్నాను.

బాణలి వ్యాసం 30 సెంటీమీటర్లు, దాదాపు 5 లీటర్లు పడుతుంది, గోడ మందం 2.5 మిల్లీమీటర్లు. లోపలి పొర వంటకు తగిలే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిసినది, నడుమ అల్యూమినియం, బయట అయస్కాంతం పట్టే స్టీలు. స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని చాలా నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది. అందుకే పలుచని స్టీలు గిన్నెలో మంట తగిలిన చోట మాత్రమే కాలి, అక్కడే మాడుతుంది. అల్యూమినియం దానికన్నా పది రెట్లకు పైగా వేగంగా వేడిని పంచుతుంది కాబట్టి, నడుమ ఉన్న ఆ పొర బర్నరు వలయపు వేడిని గిన్నె అంతటికీ సర్దుతుంది. కొనేవారు ఇక్కడ ఒక విషయం గమనించాలి: అంగళ్లలో అడుగున మాత్రమే మందపు బిళ్ల అతికించిన గిన్నెలు కూడా ఉంటాయి, వాటి గోడలు పలుచగానే ఉండి, ఆ బిళ్ల అంచు దగ్గర చుట్టూ మాడుతుంది. మూడు పొరలు పై అంచు వరకు ఉన్న బాణలిని గుర్తుపట్టాలంటే అంచును వెలుతురుకు పట్టి చూడాలి. రెండు మెరుపు గీతల నడుమ ఒక మసక గీత కనిపిస్తుంది.

మా వైపు ఏ గిన్నెనైనా నిజంగా పరీక్షించేది సంగటి. ఆరుగురికి నేను ఒకటిన్నర గ్లాసు బియ్యాన్ని అరగంట నానబెట్టి, ఏడు గ్లాసుల నీళ్లలో బాగా మెత్తబడేదాకా ఉడికిస్తాను. ఉప్పు వేసి, రెండున్నర గ్లాసుల రాగిపిండిని కలపకుండా నడుమ గోపురంలా పోసి, గరిటె కాడతో దాని మధ్య ఒక రంధ్రం చేసి, మంట బాగా తగ్గించి మూత పెడతాను. ఆ పది నిమిషాల్లోనే డబరా అడుగంటేది. బాణలిలో మొదటిసారి చేసిన రోజు ఆత్రం కొద్దీ ఐదో నిమిషానికే మూత తీయబోయాను. పక్కనే ఉన్న అత్తగారు "ఇంకా కొంచెంసేపు మూత తియ్యొద్దమ్మా, పిండి పచ్చివాసన పోనీ" అన్నారు. పది నిమిషాల తర్వాత మూత తీస్తే రంధ్రంలోంచి ఆవిరి బుసబుసమని పైకి వస్తోంది, పిండి గోపురం చుట్టూ అన్నపు గంజి చిన్న చిన్న బుడగలు వేస్తోంది, మాడు వాసన ఆనవాలే లేదు. కట్టెతో గెలికి ముద్దలు చేసి దించిన తర్వాత అడుగున మిగిలినది కాగితమంత పలుచని, గోధుమ రంగు పొర మాత్రమే. నీళ్లు పోసి పావుగంట ఉంచితే అది దానంతట అదే ఊడి వచ్చింది. ఆ పెచ్చు గీకడానికి నేను ఎన్ని రాత్రులు గడిపానో తలచుకుంటే, పెట్టిన డబ్బు ఆ ఒక్క పూటకే చెల్లిపోయిందనిపించింది.

సంగటి విషయంలోనే దీని పెద్ద లోపం కూడా బయటపడింది. అడుగు గుండ్రంగా ఉండడం వల్ల గెలికేటప్పుడు బాణలి స్టాండు మీద నిలవక తిరిగిపోతుంది. సంగటి గెలకడానికి రెండు చేతులూ కట్టె మీదే ఉండాలి, కాని ఇక్కడ ఒక చేయి పిడిని పట్టుకోవడానికి కావాలి. రెండు వైపులా ఉన్న స్టీలు పిడులు అప్పటికే కాలి ఉంటాయి కనుక మందపు గుడ్డ లేనిదే ముట్టుకోలేము. ఇప్పుడు నేను బాణలిని దించి, నేల మీద తడి గోనెపట్టా మడతపై పెట్టి, మా వారు పిడులు పట్టుకుంటే నేను గెలుకుతున్నాను. ఒంటరిగా వంట చేసుకునే పెద్దవాళ్లకు ఇది కుదరదు. మూతతో కలిపి దాదాపు మూడు కిలోల బరువు కూడా కావడంతో, మణికట్టు నొప్పి ఉన్న అత్తగారు దీన్ని నిండుగా ఉన్నప్పుడు ఎత్తనే ఎత్తరు.

మిగతా రాత్రి వంటల గురించి ఇంత చెప్పవలసిన పని లేదు. కందిపప్పు, ఆకుకూర, పచ్చిమిరపకాయలు, చింతపండు కలిపి ఉడికించి ఎనిపే పులగూర ఇందులో ఇరవై ఐదు నిమిషాల్లో తయారవుతుంది. చింతపండు పులుపు స్టీలును ఏమీ చేయదు. ఉగ్గాణికి పోపు వేసి ఎర్రగడ్డలు, టమోటాలు మగ్గించి, నానబెట్టి పిండిన బొరుగులు, పప్పులపొడి వేస్తే, బాణలి వెడల్పు వల్ల బొరుగులు నలగకుండా కలుస్తాయి. చలికాలంలో అనపగింజలు వచ్చినప్పుడు చేసే పితికిపప్పు కూర గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. రాత్రంతా నానిన గింజలను ఇంటిల్లిపాదీ కూర్చొని పితికిన తర్వాత మిగిలే ఆ లేత పప్పు చాలా సున్నితమైనది. కొబ్బరి, ధనియాలు, తెల్లగడ్డ నూరి వేసిన మసాలాలో అది ఉడికేటప్పుడు మాటిమాటికీ కలిపితే చితికిపోతుంది, కలపకపోతే మసాలా అడుగున పట్టేస్తుంది. ఈ బాణలిలో సన్నని మంట మీద మూత పెట్టి రెండే రెండుసార్లు కలిపినా ఏ ఇబ్బందీ కలగలేదు, గింజ గింజగా నిలిచింది.

వేపుళ్లకు మాత్రం పద్ధతి నేర్చుకోవాలి. ఇది నాన్‌స్టిక్ కాదు. మొదటి వారం ఉర్లగడ్డ (బంగాళాదుంప) వేపుడు మొత్తం అడుగుకు అతుక్కుపోయింది. ఖాళీ బాణలిని మధ్యస్థపు మంట మీద రెండు నిమిషాలు కాచి, నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడాలి. నీళ్లు చుయ్‌మని ఆవిరైపోతే ఇంకా కాగలేదని, పాదరసం పూసల్లా దొర్లితే కాగిందని అర్థం. అప్పుడు మంట తగ్గించి నూనె పోసి, ముక్కలు వేసి, అడుగు కాస్త ఎర్రబడేదాకా వాటిని కదపకుండా ఉంచాలి. అలా చేస్తే ముక్క తనంతట తానే వదిలిపెడుతుంది.

ఇక తీపి వంటలు. శ్రీవారి లడ్డూ ప్రసాదం ఎవరో ఒకరి చేతి మీదుగా తరచూ ఇంటికి వచ్చే ఊళ్లో ఉంటూ ఇంట్లో తీపి చేయడమెందుకని బంధువులు అడుగుతుంటారు. ప్రసాదం ప్రసాదమే, దానికి సాటి లేదు. అయితే బడి నుంచి వచ్చిన పిల్లల చేతిలో పెట్టడానికి, నాకు తెలిసిన బెల్లంతో, నాకు తెలిసిన నెయ్యితో చేసినది ఒకటి డబ్బాలో ఉండాలన్నది నా పట్టుదల.

ఈ బాణలిలో నేను చేసిన మొదటి తీపి పెరటాసి శనివారం తళిగకు, అంటే శ్రీవారి నైవేద్యానికి, పెట్టిన చక్కెరపొంగలి. బియ్యం, పెసరపప్పు పూర్తిగా మెత్తబడిన తర్వాతే బెల్లం వేయాలి, ఎందుకంటే బెల్లం పడిన తర్వాత మెతుకు ఇంక ఉడకదు. ఆ దశ నుంచి అడుగంటే ప్రమాదం కూడా ఎక్కువ. చిత్తూరు బెల్లాన్ని విడిగా కరిగించి వడగట్టి పోస్తే అడుగున ఇసుక, చెరకు పిప్పి మిగులుతాయి గనుక ఆ పని తప్పనిసరి. అరకిలో బియ్యంతో చేసిన పొంగలిని పావుగంట సేపు సన్నని మంట మీద ఉంచినా అడుగంటలేదు.

అసలు పరీక్ష పాలకోవా. రెండు లీటర్ల గేదె పాలను పోసి గంటంపావు కలిపాను. మొదటి అరగంటలో గోడల చుట్టూ కట్టే మీగడ గీతను గరిటెతో గీకి మళ్లీ పాలలోకి తోస్తూ ఉండాలి. పాలు సగానికి తగ్గిన తర్వాత గరిటె అడుగున తగిలే తీరు మారుతుంది. అంతవరకు జారుతూ ఉన్నది సన్నగా పట్టినట్టు అనిపిస్తుంది. పాత డబరాలో అయితే ఆ క్షణానికే గోధుమ రంగు రేణువులు తేలి, కోవా అంతటికీ పొగ వాసన పట్టేది. ఇక్కడ మంటను మరింత తగ్గించి, గరిటె అంచుతో అడుగును ఒక వరసలో గీకుతూ పోతే ఒక్క రేణువూ తేలలేదు. చివరకు దాదాపు 400 గ్రాముల కోవా దిగింది, 100 గ్రాముల చక్కెర కలిపి మళ్లీ దగ్గరపడేదాకా ఉంచితే లేత మీగడ రంగులోనే నిలిచింది. ఆ రంగు నాకు ఇంతకుముందు ఎన్నడూ రాలేదు.

చెనక్కాయల (వేరుశనగల) ఉండల దగ్గర మాత్రం నేను దెబ్బతిన్నాను. పావుకిలో వేయించి పొట్టు తీసిన చెనక్కాయలకు 200 గ్రాముల బెల్లం ముదురు పాకం పట్టాను. పాకాన్ని నీళ్లలో వేసి చూస్తే గట్టిపడి, పళ్లెంపై కొడితే టంగుమంది. వెంటనే పొయ్యి ఆర్పి, ఏలకుల పొడి కోసం అల్మారా వైపు తిరిగి వచ్చేలోపల పాకం రంగు నల్లబడి చేదెక్కింది. మందపు అడుగు మంట ఆర్పిన తర్వాత కూడా చాలాసేపు వేడిని వదలదు. పాలకోవాను కాపాడిన ఆ గుణమే ఇక్కడ పాకాన్ని చెడగొట్టింది. ఇప్పుడు కావలసిన పాకానికి కాస్త ముందే మంట ఆర్పి, చెనక్కాయలు, ఏలకుల పొడి పక్కన సిద్ధంగా ఉంచుకొని, వెంటనే కలిపి నెయ్యి రాసిన పళ్లెంలోకి దించుతున్నాను. అరిసెలకు పట్టే ఉండ పాకం విషయంలోనూ ఈ జాగ్రత్తే పాటించాలి. పలుచని గిన్నెల్లో పాకం పట్టడం అలవాటైన చేతికి ఈ తేడా తెలియడానికి నాలుగైదు సార్లు పడుతుంది.

శుభ్రం చేయడం గురించి చెప్పాలంటే, మా బోరు నీళ్ల వల్ల అడుగున తెల్లని మచ్చలు, ఎక్కువ వేడి తగిలితే నెమలికంఠం రంగు మరకలు వస్తాయి. రెండింటికీ పులుసు తీసేసిన చింతపండు పిప్పితో తోమితే చాలు. ఉప్పును చల్లని నీళ్లలో వేసి అడుగున పేరుకోనివ్వకూడదు. నీళ్లు మరిగాక వేసి కలపాలి, లేకపోతే స్టీలుపై సన్నని గుంటలు పడతాయి. పిడులను బిగించిన మేకుల తలల చుట్టూ మాత్రం జిడ్డు చేరుతోంది, పాత పళ్లు తోముకునే బ్రష్షు పెట్టి రుద్దితే గాని పోవడం లేదు. నూనె వంటలకు ఈ బాణలి నాకు నచ్చలేదు. ఒకసారి నిప్పట్లు కాల్చితే గోడలపై ఎగిరిన నూనె పసుపు రంగు బంకగా గట్టిపడి, దాన్ని వదిలించడానికి రెండు రోజులు పట్టింది.

అంగడి సేవ విషయంలో నాకు అసంతృప్తి ఉంది. ఇంటికి తెచ్చిన రోజే మూత సరిగా కూర్చోక ఊగుతోందని తెలిసింది. మర్నాడే తీసుకెళితే మూత విడిగా మార్చడం కుదరదన్నారు. మూడు వారాల్లో నాలుగుసార్లు తిరిగిన తర్వాత వేరే మూత ఇచ్చారు. ఆ మూతకు ఆవిరి పోయే రంధ్రం లేదు, అందువల్ల పప్పు పొంగుతుంది. నేను గరిటెను అడ్డం పెట్టి మూత వేస్తున్నాను. కొనేటప్పుడే మూతను పెట్టి చూసి, వేలితో అంచును నొక్కి ఊగడం లేదని నిర్ధారించుకోవాలి, వారంటీ కాగితంపై అంగడి ముద్ర వేయించుకోవాలి.

నలుగురికి మించిన ఇంటికి, పప్పు, పులుసు, పొంగలి, కోవా ఎక్కువగా చేసేవారికి నేను దీన్ని నిస్సంకోచంగా చెబుతాను. రోజూ సంగటి చేసేవారు మాత్రం ఇదే మూడు పొరల రకంలో చదునైన అడుగు ఉన్న గిన్నెను తీసుకోవాలి. నేను కూడా వచ్చే నెల జీతం రాగానే 4 లీటర్ల గిన్నె ఒకటి తెచ్చుకోబోతున్నాను. అరిసెలకు, నిప్పట్లకు అత్తగారి ఇనుప బాణలి అటక మీది నుంచి దిగి మళ్లీ వంటింటి మేకుకు చేరింది.